జానెడు మెట్టు

ఇన్ని ఎలితులు ఉన్నయని
నిడమనూరులో అమ్మినాయిన చెప్పలే,
నేను అడగలే.
ఇరవై నాలుగు గుర్రాల చిన్న ట్రాక్టరు.
బత్తాయి సాళ్ళ నడుమ
కొమ్మ గీరకుండ దూరేటంత ఒడ్డు.
మూతి మీద సొట్ట, నవ్వినట్టే ఉండె.
కొన్న.

మొదలు సీటు.
యూరియా సంచులు మడతబెట్టి
మీద సైకిల్ ట్యూబు చుట్టి
దబ్బనంతోని కుట్టిన.
పొద్దంత దున్నినా నడుము ఇప్పుడు
మూలుగుతది గాని తిట్టదు.

తర్వాత పిన్నులు.
దున్నుతుంటే ఊడి సాల్ల పడ్డ పిన్నును
బురదల చేతులుపెట్టి చీకటిపడేదాక ఎతికిన నాడు
కొట్టంల గోడకు తుప్పుపడుతున్న
ఎడ్ల మెడగొలుసు యాదికొచ్చింది.
జానెడు జానెడు తెంపి
పిన్నుకో ముక్క కట్టిన.
ఎడ్లను అమ్ముకున్నం గాని
కట్టేసే పని యాడికి పోతది?

మా శ్రావ్య పారేసిన గోళ్ళరంగు సీసల
అడుగున జరంత మిగిలితే
చక్రం బోల్టుకూ రిమ్ముకూ కలిపి ఒక గీత గీసిన.
గీత తప్పిందంటే బోల్టు వదులైనట్టు.
హాలియల మెకానిక్కు యాకూబు చూసి
పానా కిందబెట్టి మరీ నవ్విండు:
"అండాలక్కా, బండికి పెండ్లి కుదిరిందా?"
నెల తిరగకముందే
ఆయన ఆటో చక్రాలకు గులాబి గీతలు చూసిన.
ఏమనలే.

నీళ్ళ సంగతి వేరే.
మా బోరునీళ్ళు పోస్తే
రేడియేటరు నోటిచుట్టు తెల్లగ పొక్కులు లేస్తయి,
గీకితే పెచ్చులు.
అవే నీళ్ళు మా అత్త ముత్తమ్మ
అరవై ఏండ్లు తాగింది.
కృష్ణ నల్లా మా వాడకు వచ్చేనాటికి
ఆమె మోకాళ్ళు వంగుడు మరిచినయి.
ఇప్పుడు రేకుల కింద డ్రమ్ము పెట్టి
పట్టిన వాననీళ్ళే బండికి పోస్త.
మూత తిప్పిన ప్రతిసారీ
ఆమె దిక్కు చూడ.

జాలికి ముందర దోమతెర ముక్క కట్టిన.
మాపటికి ఇప్పి దులుపుత:
ఎండాకు, గడ్డిపోచ, దుబ్బ.
పూత కాలంల బత్తాయి పూరేకులు
సగం ఉడికిన వాసనతోని.

ఒకనాడు గట్టుమీద కర్ర ఆనించి
మడుగార్డు దిక్కు చూసుకుంట అన్నది ముత్తమ్మ:
"నన్ను గా చివరి సాలు దాక తీస్కపోవే.
నా చేత్తోని నాటిన చెట్లు.
చూడక మూడేండ్లాయె."

టేపు పెట్టలే.
గోడ పట్టుకొని నిలబడుమన్న.
కాలు ఎంత లేస్తదో లేపుమన్న.
లేచి ఆగినకాడ సుద్దముక్కతోని గీత.
భూమికి జానెడు, మీద రెండు వేళ్ళు.
ఇరిగిన కల్టివేటరు పాళ్ళు రెండు
యాకూబు అతికిచ్చిండు, పైసలు తీసుకోలే.
మొదటిది నేను ఎక్కి చూస్తెనే వంగింది.
రెండోదానికి అడుగున పట్టీ ఏయించి,
పాదం జారకుండ పాత టైరు తునక
మూడు బోల్టులతోని బిగించిన.
వాటికి సుత గోళ్ళరంగే.

ఎక్కింది.
ఒక చెయ్యి నా భుజం మీద, ఒకటి రేకు మీద.
ఫస్టు గేరుల, మనిషి నడకంత మెల్లగ
సాలెంబడి పోతున్నం.
ఆమె మాట్లాడుతలేదు, పెదవులు కదులుతున్నయి.
లెక్కబెడుతుందని నాకు సోయి లేదు.
"అండాలూ, పన్నెండోది ఏదే?"

పోయిన ఎండకాలమే ఎండిపోయింది.
ఇంట్ల చెప్పలే.
బండి ఆపిన, ఇంజను ఆపలే.
ఆ చప్పుడుల ఇద్దరం
గుంత దిక్కు చూసుకుంట కొంచెంసేపు.

ఇంటికాడ దిగబోతూ మెట్టుమీదనే ఆగింది.
దిగుడు ఎక్కుడుకన్న కష్టమని
నాకెవరు చెప్పిండ్రు?
"ఇంకో రెండు వేళ్ళు కిందికుంటే బాగుండు బిడ్డా."

యాకూబుకు మల్ల ఫోన్ చెయ్యాలె.
లిఫ్టు కాడ నూనె బొట్టు బొట్టు కారుతుంది,
అది సుత చెప్పాలె.
ఇయ్యాల్టికి దానికింద పెరుగు డబ్బా పెట్టిన.
ఎంత నిండుతదో పొద్దుగాల చూస్త.